కొండబండల మీద గుంతలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఉదయగిరి వైపు. చిన్నప్పుడు సెలవుల్లో మేకల వెంట కొండెక్కితే, దాహమేసినప్పుడు బండ మీది దొనలో, అంటే రాతిగుంతలో నిలిచిన నీళ్లే దోసిట పట్టి తాగేవాళ్లం. ఆ దొన ఎవరు తవ్వారో, అసలు ఎవరైనా తవ్వారో లేదో అప్పుడు ఆలోచించలేదు. పెద్దయ్యాక ఆ ప్రశ్న పట్టుకుని వదల్లేదు. ఇరవై ఏళ్లుగా మా రెండు జిల్లాల్లో ఎక్కడికి వెళ్లినా ముందు బండల కేసి చూడడం అలవాటైపోయింది. తెలిసినవాళ్లు ఫోన్‌లో ఫొటోలు పంపి "ఇదేంటన్నా, మనుషులు చెక్కిందా, దానంతటదే పడిందా?" అని అడుగుతుంటారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒక్కచోట రాస్తున్నాను.

రాయి అంత గట్టిది కదా, దానంతటదే గుంత ఎలా పడుతుంది?

రాయి మొత్తం ఒకే గట్టిదనంతో ఉండదు. అసలు కిటుకు అక్కడే ఉంది. కనిగిరి వైపు గ్రానైట్ ముక్క ఒకటి తీసుకుని ఎండలో దగ్గరగా చూడండి. గాజులా మెరిసేది పలుగు. గులాబి రంగులోనో పాలరంగులోనో ఉండేది ఫెల్డ్‌స్పార్. తళుక్కుమనే రేకులు అభ్రకం, మనవాళ్లు కాకిబంగారం అనేది దాన్నే. గూడూరు, సైదాపురం గనులు పేరు తెచ్చుకున్నది ఈ అభ్రకంతోనే.

ఈ మూడింటిలో పలుగును వాననీళ్లు దాదాపు ఏమీ చెయ్యలేవు. ఫెల్డ్‌స్పార్ అలా కాదు. వాన గాలిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువును కొంచెం కలుపుకుంటుంది కాబట్టి ఆ నీళ్లకు చాలా కొద్దిగా పులుపు గుణం వస్తుంది. ఆ నీళ్లు బండ మీద చిన్న పల్లంలో నిలిచి, ఏళ్ల తరబడి నానితే ఫెల్డ్‌స్పార్ మెత్తబడి తెల్ల బంకమన్నుగా మారుతుంది. పట్టు పోయాక పలుగు గింజలు ఊడి ఇసకలా రాలతాయి. ఎండాకాలం గాలికి ఆ మన్నూ ఇసకా ఎగిరిపోతాయి. మళ్లీ వాన పడేసరికి పల్లం ఇంకాస్త లోతై ఉంటుంది, ఇంకాసిన్ని ఎక్కువ నీళ్లు పడతాయి, ఇంకొన్నాళ్లు ఎక్కువ నిలుస్తాయి. అంటే గుంతే గుంతను పెంచుకుంటూ పోతుంది. రాతి మీద పెరిగే నాచు, పొలుసుల్లాంటి శిలావల్కం కూడా ఆమ్లాలు వదిలి ఈ పనికి సాయం చేస్తాయి.

సంక్రాంతి తర్వాత ఒక దొన దగ్గర కూర్చుని చూశాను. నీళ్లు అప్పటికి జానెడు మిగిలాయి. అడుగున చెయ్యి పెడితే మెత్తటి బురద, దాని కింద గరగరలాడే పలుగు ఇసక. వేళ్లతో అంచు లోపలి వైపు తడిమితే గోడ లోపలికి తొలిచి ఉంది, పైన పెదవిలా రాయి ముందుకు వచ్చి ఉంది. ఆ పక్క గోడ మాటిమాటికీ తడుస్తూ ఆరుతూ ఉంటుంది కాబట్టి అడుగు కన్నా పక్కలు ఎక్కువ అరుగుతాయి. అందుకే ఇలాంటి గుంతలు లోతు తక్కువగా, అడుగు చదునుగా, వెడల్పుగా ఉంటాయి. ఒక పక్క చిన్న గండి ఉంటుంది. నిండినప్పుడు నీళ్లు పొర్లిన దారి బండ మీద నల్లటి చారలా కనిపిస్తుంది.

ఇలాంటి రాతి నీటిగుంతకు తెలుగులో దొన అనే మంచి పేరు ఉంది. ప్రకాశం జిల్లాలో దొనకొండ రైల్వే స్టేషన్ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

వాగుల్లో బావిలా గుండ్రంగా, నున్నగా ఉండేవి? అంత గుండ్రంగా ఉంటే చెక్కినట్టే కదా?

కాదు. అవి సుడి చేసిన పని. వరద వచ్చినప్పుడు వాగు అడుగున ఏ చిన్న పగులో ఉంటే అక్కడ నీళ్లు సుడి తిరుగుతాయి. ఆ సుడిలో నాలుగు గులకరాళ్లు చిక్కుకుంటే, తిరగలిలో పడ్డ గింజల్లా అవి గిరగిర తిరుగుతూ రాతిని నూరుతాయి. ఇక్కడ గింజ అరగడమే కాదు, తిరగలీ అరుగుతుంది. పాత గులకరాళ్లు పిండైపోతే తర్వాతి వరద కొత్తవి తెచ్చి వేస్తుంది. వెడల్పు కన్నా లోతు ఎక్కువ, గోడలు నున్నన, ఒక్కోసారి మర తిప్పినట్టు వంకరగాళ్లు. వీటిని చెక్కిన పనిముట్టు చాలాసార్లు గుంత అడుగునే దొరుకుతుంది, కోడిగుడ్డులా నున్నబడ్డ రాయి రూపంలో. మహారాష్ట్రలో కుకడి నది మీద నిఘోజ్ దగ్గర నల్లరాతిలో ఇలాంటివి గుంపులు గుంపులుగా ఉన్నాయి, వాటిని చూడ్డానికే జనం పోతారు.

మనకు గుండం అనే మాట ఉండనే ఉంది. నల్లమలలో గుండ్లకమ్మ మీద నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి దగ్గరి గుండాన్ని నెమలి తవ్విందని స్థలపురాణం. నీళ్లు పైనుంచి పడేచోట గుండం పడడం, అది లోతు కావడం నది స్వభావం. ఆ స్వభావాన్ని చూసే మన పెద్దలు అక్కడ గుడి కట్టి కథ చెప్పారని నా నమ్మకం.

ఒక్క జాగ్రత్త. గుండం అంచు నాచుపట్టి జారుతుంది, గోడ నున్నగా ఉండి పట్టు దొరకదు. ఈతొచ్చినవాళ్లు కూడా లోపల పడితే పైకి రాలేరు. వరద ఉన్నప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

సహజంగా పడిందా, మనిషి చేసిందా? చూడగానే తేల్చే పద్ధతి ఉందా?

చూడగానే తేల్చే పద్ధతి లేదు. కాసేపు కూర్చుని తేల్చే పద్ధతి మాత్రం ఉంది. నేను ఈ వరసలో చూస్తాను.

ముందు, గుంత ఎక్కడుందో చూస్తాను. వాగు పారే దారిలో ఉంటే సుడిని అనుమానించాలి. బండ నెత్తి మీద, వాన నిలిచే చోట ఉంటే వాననే అనుమానించాలి. నిలువు గోడ మీద గిన్నెలాంటి గుంత ఉంటే? నిలువు రాతి మీద నీళ్లు నిలవవు. అప్పుడు మనిషి చెయ్యి ఉందేమోనని ఆలోచించడం మొదలుపెట్టొచ్చు. కానీ తొందరపడకూడదు, ఎందుకంటే గుండ్ల పక్కలకు ఉప్పు పేరుకుని రాతి రేణువుల్ని విడగొడితే తొర్రలు పడతాయి. అవి తేనెపట్టులా ఒకదాన్నొకటి ఆనుకుని, కొలతా వరసా లేకుండా ఉంటాయి.

తర్వాత చెయ్యి. కళ్లు మోసపోయినంతగా వేళ్లు మోసపోవు. నూరి నూరి అరిగిన గుంత లోపల అద్దంలా జారుతుంది, అంచు దాటగానే రాయి గరుకుగా తగులుతుంది. వాన చేసిన గుంత లోపలా బయటా ఒకేలా గరుకుగా ఉంటుంది. రాతితో రాతిని పొడిచి చేసినదైతే చిన్న చిన్న చుక్కల్లా దెబ్బలు తెలుస్తాయి. ఇనప ఉలి అయితే గీతలు పడతాయి.

మూడోది నేను సొంతంగా నేర్చుకున్నది: గుంత పక్కన కూర్చుని చూడండి. బాసింపట్టు వేసుకునో, గొంతుక్కూర్చునో, రెండు చేతులూ గుంతలోకి చాపండి. నడుం నొప్పి లేకుండా చేతులు సుఖంగా అందితే, ఎదురుగా చూపు ఆనేచోట పల్లపు దారో చెరువో కనబడితే, అక్కడ మనకన్నా ముందు ఇంకెవరో కూర్చుని ఉండొచ్చు. ఇది రుజువు కాదు. కానీ మళ్లీ మళ్లీ పనికొచ్చిన గుర్తు.

మా ఊరి పరుపుబండ మీద రోళ్లలాంటివి నాలుగైదు ఉన్నాయి. పెద్దలు "పాండవుల రోళ్లు" అంటారు. ఏంటవి?

నిజంగా రోళ్లే కావచ్చు. ఇంటింటికీ రోలు, సన్నికల్లు రాకముందు ఊరి బండే అందరి వంటిల్లు. గింజలు దంచడానికి, పిండి నూరడానికి, మందాకులు నలగ్గొట్టడానికి, గుడి దగ్గరైతే పసుపు దంచడానికి బండలోనే గుంతలు వాడుకున్నారు. దంచిన గుంత గుండ్రంగా, కిందికి సన్నబడుతూ ఉంటుంది. ముందుకీ వెనక్కీ నూరిన గుంత పడవలా పొడుగ్గా, లోతు తక్కువగా ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తే అక్కడ మనుషులు చాలాకాలం బతికారని గట్టిగా అనుకోవచ్చు.

ఇంకో రకం ఉంది, చాలామంది పట్టించుకోనిది. వేలు పట్టేంత సన్నటి, నున్నటి గాళ్లు. దక్షిణాదిలో కొత్తరాతియుగం సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా నడిచింది. ఆ కాలం వాళ్లు నల్లటి రాతిని పగలగొట్టి, పొడిచి, చివరకు బండ మీద నీళ్లూ ఇసకా వేసి అరగదీసి గొడ్డళ్లు చేసుకున్నారు. అలా నూరిన చోట పడ్డ గాళ్లు ఇవి. ఆ గొడ్డళ్లే ఇప్పటికీ పొలం దున్నేటప్పుడు బయటపడతాయి. పల్లెల్లో వాటిని పిడుగురాళ్లు అంటారు, చెట్టు కింద దేవుడి దగ్గర పెట్టి పసుపు రాస్తారు. పూజ మానమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ రాయి ఏ పొలంలో, ఏ మూల దొరికిందో ఒక కాగితం మీద రాసిపెట్టండి. రాయి ఎక్కడైనా ఉంటుంది, దొరికిన చోటు మరిచిపోతే మళ్లీ దొరకదు.

కోటల దగ్గర, పాత గుళ్ల దగ్గర నేల మీద గుండ్రటి కాలవలా ఉండే పెద్ద గాడి మాత్రం సున్నం గానుగ. ఎడ్లు రాతిచక్రాన్ని లాగుతూ తిరిగితే సున్నం, ఇసక కలిసి మెదిగేవి.

ఒకే బండ మీద గిన్నెల్లాంటి చిన్న గుంతలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఏమీ దంచడానికి వీలు కాని చోట. ఎందుకు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. వీటిని పురావస్తువాళ్లు కప్ మార్కులు అంటారు, గిన్నెగుంతలు అందాం. ప్రపంచంలో మనుషులు తిరిగిన ప్రతి ఖండంలోనూ దాదాపు ఇవి ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో భాన్‌పురా దగ్గర దరాకీ ఛట్టాన్ అనే గుహలో రెండు గోడల నిండా ఐదు వందలకు పైగా ఉన్నాయి. ఆ రాయి క్వార్ట్‌జైట్, మన వెలిగొండల్లోనూ ఉండే చాలా గట్టి రాయి. పాత పద్ధతిలోనే సుత్తిరాయి పట్టుకుని అలాంటి గుంత చేసి చూద్దామని పరిశోధకులు కూర్చుంటే, కొన్ని మిల్లీమీటర్ల లోతుకే వేలకు వేల దెబ్బలు పట్టాయి. తినడానికి పనికిరాని, నీళ్లు నిలవని గుంత కోసం ఒక మనిషి అంత సేపు కొట్టాడంటే అది ఆ మనిషికి ఎంత ముఖ్యమై ఉండాలి!

ఎందుకు అనేదానికి ఒక్క జవాబు లేదు, ఒక్కోచోట ఒక్కో జవాబు. తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఒక బండ మీది గుంతలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు గుర్తించారు. ఆ చోటు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. బళ్లారి దగ్గర కుప్‌గల్ కొండ కథ వేరు. అక్కడ నల్లరాతి గుండ్లను రాయి పెట్టి కొడితే గంటలా మోగుతాయి. కొట్టి కొట్టి పడ్డ గుంతలే అక్కడ కనిపిస్తాయి. అంటే గుంత కోసం కొట్టలేదు, మోత కోసం కొడితే గుంత పడింది. ఈ సంగతి చదివాక నేను ప్రతి గిన్నెగుంత దగ్గరా వేలి కణుపుతో మెల్లగా తట్టి వింటాను. రాయితో మాత్రం ఎప్పుడూ కొట్టను, మీరూ కొట్టొద్దు. ఒక్క దెబ్బకు పడే తెల్లమచ్చ మన జీవితకాలంలో పోదు.

గుడి మండపం నేల మీద రెండు వరసల్లో ఏడేసి గుంతలున్నాయి. యంత్రమా?

యంత్రం కాదమ్మా, వామనగుంటలు! రెండేడులు పద్నాలుగు. చింతగింజలో గవ్వలో పోసి, ఒక్కో గుంటలో ఒక్కోటి వదులుకుంటూ వెళ్లే ఆట. మా నాయనమ్మ చెక్కపలక మీద ఆడేది. గుడి కట్టినవాళ్లో, కాపలావాళ్లో, తిరనాళ్లకు వచ్చి రాత్రి మండపంలో పడుకున్నవాళ్లో, పొద్దుపోక రాతి మీద చెక్కుకున్నారు. పక్కనే గీతలతో పులిజూదం పట్టం కూడా తరచుగా కనిపిస్తుంది.

మా వైపు ఒక పల్లెలో ఇలాంటి మండపం ఉండేది. అరుగు మూలగా, సాయంకాలం ఎండ ఏటవాలుగా పడేచోట గుంటలు. వాటి అంచులు పదునుగా లేవు, సబ్బుబిళ్ల అరిగినట్టు గుండ్రబడ్డాయి. గింజలు తియ్యడానికి నాలుగు వేళ్లూ కలిపి దించిన వైపు అంచు ఎక్కువ అరిగి, రెండో వైపు తక్కువ అరిగి ఉంది. అంటే ఈ పక్క వరస ఆడినవాళ్లు ఈ పక్క, ఆ వరసవాళ్లు ఆ పక్క ఎదురెదురుగా కూర్చున్నారని రాయే చెబుతోంది. ఫొటో తీసుకుందామని రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లేసరికి గుడికి జీర్ణోద్ధరణ చేశారు. నేలంతా తెల్లటి టైల్స్. భక్తితోనే చేశారు, చందాలు వేసుకుని చేశారు, ఎవరినీ తప్పుపట్టలేను. కానీ ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. గుడి బాగుచేసే పని మీ ఊళ్లో మొదలైతే, టైల్స్ పరిచే ముందు నేలను ఒక్కసారి చూడమని కమిటీ వాళ్లకు చెప్పండి. ఆ ఒక్క మూల వదిలేస్తే చాలు.

కోట బురుజుల మీద, గుడి ముందు బండల మీద నలుచదరపు గుంతలు?

పందిరి గుంజలు దించడానికి, జెండాకర్ర నిలపడానికి చేసినవి. గడప దగ్గర గుండ్రటి చిన్న గుంత అయితే తలుపు కింది మొన తిరిగిన చోటు. దాన్ని చూస్తే తలుపు ఎటు తెరుచుకునేదో కూడా తెలిసిపోతుంది, ఎందుకంటే అరిగిన గీత అటే ఉంటుంది.

గుండు అంచు పొడుగునా అగ్గిపెట్టెల్లాంటి గుంతలు వరసగా ఉన్నాయి. మంత్రాలేవో చేశారంటున్నారు.

రాయి చీల్చడానికి చేసిన గుంతలు అవి. ఎక్కడ చీలాలో అక్కడ వరసగా గుంతలు తవ్వి, ప్రతిదాంట్లో ఇనప చీల దించి, సమ్మెటతో ఒక్కోటీ ఒక్కో దెబ్బ చొప్పున వరసగా కొట్టుకుంటూ పోతారు. ఒకదాన్నే గట్టిగా కొడితే రాయి ముక్కలవుతుంది గానీ చీలదు. ఇప్పటికీ ఈ పని చేసే పెద్దాయన ఒకాయన పక్కన నిలబడి చూశాను. మొదట ప్రతి చీలా ఠంగ్ ఠంగ్ మని మోగింది. ఆయన ఇంకో సుట్టు తిరిగాడు, ఇంకో సుట్టు. ఉన్నట్టుండి మోత మందగించింది, చెవి ఒగ్గి "విడిచింది" అన్నాడు. నా కంటికి ఏమీ కనబడలేదు. కాసేపటికి వెంట్రుకంత గీత గుంతల్ని కలుపుతూ పాకింది. ఇనుము తక్కువైన చోట ఎండుకర్ర చీలలు దించి నీళ్లు పోసేవాళ్లు, కర్ర ఉబ్బి రాతిని విడదీసేది.

గుంతలు ఉండి రాయి చీలకుండా మిగిలితే పని మధ్యలో ఆగిందని అర్థం. అలాంటి గుండ్లను నేను ఎక్కువ ఇష్టంగా చూస్తాను. గుంతలకు బదులు సగం గొట్టంలా నిలువు గాళ్లు కనిపిస్తే అది మర డ్రిల్లు, ఈ కాలపు పని. చీమకుర్తి గనుల్లో బ్లాక్ గెలాక్సీ తీసేచోట గోడల నిండా అవే. ఆ రాతిని అందరూ గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో అనే నల్లరాయి. నక్షత్రాల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు తునకలు.

భైరవకోన గుహలు సహజ గుహలా?

కొండ సహజం, గుహలు చెక్కినవి. ఉమ్మడి ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలంలో, ఒకే కొండ ముఖాన ఎనిమిది శివాలయాలు తొలిచారు. ఏడు తూర్పు చూస్తాయి, ఒకటి ఉత్తరం చూస్తుంది. స్తంభాల్లోనూ ద్వారపాలకుల్లోనూ పల్లవ, చాళుక్య పోకడలు రెండూ కలిశాయని కళాచరిత్ర రాసినవాళ్లు అంటారు. తమిళనాడులో మండగపట్టు గుహాలయ శాసనంలో పల్లవ మహేంద్రవర్మ ఇటుక, కర్ర, లోహం, సున్నం లేకుండా ఈ గుడి చేయించానని చెప్పుకున్నాడు. రాతిలో ఖాళీని చెక్కడమే కట్టడం అన్నమాట. భైరవకోనలో నిలబడితే ఆ మాట అర్థమవుతుంది.

కానీ ఈ ప్రశ్నలన్నీ అడిగేవాళ్లను నేను భైరవకోనకే పంపడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ కొండ మీంచి జలపాతం పడుతుంది. దాని దారిలో నీళ్లు తొలిచిన రాయి, ఇవతల ఉలి తొలిచిన రాయి, రెండూ నాలుగడుగుల్లో చూడొచ్చు. కార్తికం వెళ్లాక, జనం తగ్గినప్పుడు వెళ్లండి. ముందు నీళ్ల దగ్గర గోడ తడమండి, తర్వాత గుహ బయటి గోడ చూడండి. నీళ్లు మూలల్ని చెయ్యవు. ఉలి చేస్తుంది.

రాక్షసగుడి పలకకు గుండ్రటి కంత ఎందుకు?

రాక్షసగుళ్లు ఇనుపయుగపు సమాధులు. నాలుగు రాతిపలకలు నిలబెట్టి పైన మూతబండ వేస్తారు. ఒక పలకకు, చాలాచోట్ల తూర్పు వైపు దానికి, గుండ్రటి కంత చెక్కుతారు. తర్వాత చనిపోయినవాళ్ల ఎముకలు, కుండలు లోపల పెట్టడానికో, ఏటేటా ఏదైనా సమర్పించడానికో అని పండితుల ఊహ.

పాదం ఆకారంలో ఉంది. సీతమ్మ పాదమంటారు, భీముడి మోకాలంటారు. మీరు నమ్మరా?

నీళ్లు ఎలా తొలిచాయో తెలిసినంత మాత్రాన నాకు దణ్ణం పెట్టుకోవడం ఆగలేదు. నెల్లూరు పక్కన పెన్న ఒడ్డున నరసింహకొండ మీది ఏడు గుండాలను సప్తర్షుల హోమగుండాలంటారు. పెంచలకోన పేరులోనే పెనుశిల ఉంది. ఈ కథలు లేకపోతే ఆ రాళ్లు ఎప్పుడో కంకరైపోయేవి. ఊరి కథను రాసుకోండి, ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో వాళ్ల మాటల్లోనే. రాతి కథ దానికి పోటీ కాదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. పాదం ఇంకా స్పష్టంగా కనిపించాలని కొత్తగా ఉలి పట్టడం, పెయింటు వెయ్యడం. అది కథకూ అన్యాయమే.

గుంతలు గుప్తనిధికి గుర్తులంటున్నారు. నిజమా?

కాదు. ఒక్క ముక్క కూడా నిజం కాదు.

మా రెండు జిల్లాల్లో కొండలకు జరిగిన చేటులో సగం ఈ మాట వల్లే. వాన తొలిచిన దొనను చూపించి "ఏడు గుంతలు, ఏడు కొప్పెరలు" అని ఎవడో చెబుతాడు, అమావాస్య రాత్రి గడ్డపారలతో వెళ్లి రాతిని పగలగొడతారు. దొరికేది ఏమీ ఉండదు, ఉండడానికి కింద అఖండ శిల. కింద అంతా రాయే అయినప్పుడు కొప్పెర ఎక్కడ దాస్తారు? చెప్పినవాడు డబ్బు తీసుకుని పోతాడు, తవ్వినవాళ్లు కేసుల టెన్షన్‌తో తిరుగుతారు. మిగిలేది పగిలిన బండ.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దాచిన, పది రూపాయలు దాటిన విలువ గలది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. కేంద్రం రక్షిత కట్టడాల్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది.

ఎన్నేళ్ల నాటివో పరీక్ష చేయించొచ్చా?

రాతికి కార్బన్ పరీక్ష పనికిరాదు. అది ఒకప్పుడు ప్రాణమున్న బొగ్గు, ఎముక, కర్ర లాంటివాటికే. గుంతను కప్పేసిన మట్టిపొరలో బొగ్గు దొరికితే, గుంత ఆ పొర కన్నా పాతదని చెప్పొచ్చు. అందుకే గుంతలో మట్టి ఉంటే గీకి శుభ్రం చెయ్యకండి. మీకు చెత్తగా కనిపించేది పరిశోధకుడికి క్యాలెండరు. ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు దొరికిందని 2024లో వార్తలొచ్చాయి. మట్టిపొరను కదిలించకుండా తవ్వారు కాబట్టే ఆ గుడ్డుపెంకుల వయసు తేలింది.

ఫొటో ఎలా తియ్యాలి?

మిట్టమధ్యాహ్నం తియ్యకండి, గుంతలు కనబడవు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తియ్యండి. నీడలోని గోడకైతే టార్చిని పక్కనుంచి, రాతికి ఆనించినట్టు పట్టి వెయ్యండి. కంటికి తెలియని గుంతలు కూడా లేచి కనబడతాయి. పక్కన స్కేలు పెట్టండి, లేకపోతే పెన్ను. ఒకటి దగ్గరగా, ఒకటి బండ మొత్తం వచ్చేలా, ఒకటి చుట్టూ కొండ కనిపించేలా తియ్యండి. సుద్దముక్కతో గీసి, నీళ్లు చల్లి, నూనె పూసి తియ్యొద్దు.

ఎవరికి చెప్పాలి?

రాష్ట్ర పురావస్తు, ప్రదర్శనశాలల శాఖకు ఫొటోలతో రాయండి. ఊరి వీఆర్‌వోకు, పంచాయతీకి కూడా ఒక కాపీ ఇవ్వండి. దగ్గరి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే మేడమో సారో ఉంటే వాళ్లను తీసుకెళ్లి చూపించండి, ఇది అన్నిటికన్నా తొందరగా పనిచేస్తుంది. ఫేస్‌బుక్‌లో మాత్రం కచ్చితమైన చోటు పెట్టకండి, పరిశోధకుల కన్నా ముందు గడ్డపారలవాళ్లు చేరతారు.

నీళ్లు నిలిచి దోమలొస్తున్నాయి. సిమెంటుతో పూడ్చొచ్చా?

ఇళ్ల మధ్యన ఉంటే వారానికోసారి నీళ్లు ముంచి పారబొయ్యండి, సరిపోతుంది. సిమెంటు వద్దు. ఎండకు రాయి ఒకలా, సిమెంటు ఒకలా వ్యాకోచిస్తాయి. మధ్యలో సందు పడుతుంది, నీళ్లు అందులో ఇరుక్కుని రాతిని లోపలినుంచి తినేస్తాయి. కొండ మీది దొనల జోలికి అసలు పోవద్దు. మేకలకు, నెమళ్లకు, పిట్టలకు ఎండలు ముదిరేదాకా అవే నీళ్లు. తోకకప్పలూ అక్కడే పెరుగుతాయి. మనం మాత్రం ఆ నీళ్లు కాచకుండా తాగొద్దు. చిన్నప్పుడు మేం తాగాం, అది వేరే కాలం.

పిల్లల్ని తీసుకెళ్తే వామనగుంటల్లో ఇప్పుడు ఆడించొచ్చా?

తప్పకుండా ఆడించండి. చింతగింజలతో ఆడితే రాయి అరగదు, ఆడేవాళ్లు లేకపోతేనే గుంటల్ని జనం మరిచిపోతారు. మా అన్న మనవరాలిని ఒకసారి తీసుకెళ్తే, నియమాలు చెప్పకముందే ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోయింది. చెయ్యి అంచుకు సరిగ్గా అరిగిన వైపే ఆనింది. ఆట అయ్యాక గింజలన్నీ లెక్కబెట్టి ఏరుకురండి. ఒక్కటి మిగిలినా వానకు మొలుస్తుంది, చింతమొక్క వేరు పగుల్లోకి దిగితే మండపపు రాయి నిలవదు.